వెలుగును కొలిచిన ఆల్బర్ట్ మైకెల్సన్

చదువులో ఎంత చురుకైన కుర్రవాడైనా సమయానికి ఆదుకునేవారు లేకపోతే మధ్యలో ఆగిపోతాడు. ఇది మనందరికీ తెలిసిన సంగతే. అలా ఆగిపోకుండా జగత్ప్రసిద్ధి పొందిన భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్.

ఆయన 1852లో, అప్పట్లో ప్రష్యా ఏలుబడిలో ఉన్న స్ట్రెల్నో అనే ఊళ్లో యూదు కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు అమెరికా వలస వెళ్లారు. గని కార్మికుల ఊళ్లలో తండ్రి దుకాణం నడిపేవాడు. 1869లో, పదహారేళ్ల వయసులో మైకెల్సన్ నౌకాదళ అకాడమీలో సీటు కోసం వాషింగ్టన్ దాకా వెళ్లి ప్రెసిడెంట్ గ్రాంటును కలుసుకున్నారు. ప్రెసిడెంటు చేతిలోని పది సీట్లూ అప్పటికే నిండిపోయినా, ఆయనకు అదనంగా ఒకటి దక్కింది.

1873లో పట్టా పుచ్చుకుని, తరువాత అక్కడే భౌతికశాస్త్రం బోధించసాగారు. సుమారు పది డాలర్ల ఖర్చుతో వెలుగు వేగాన్ని కొలిచే పరికరం అమర్చారు. గిరగిర తిరిగే అద్దం మీద పడిన వెలుగు దూరపు అద్దాన్ని తాకి తిరిగి వచ్చేసరికి మొదటి అద్దం కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. ఆ తేడాను బట్టి వేగం లెక్కకట్టడమే ఇందులోని కిటుకు. మామగారు 2,000 డాలర్లిచ్చి ప్రోత్సహించారు. 1879లో మెరుగైన పరికరాలతో కొలిస్తే వేగం సెకనుకు 2,99,910 కిలోమీటర్లని తేలింది. నేటి ప్రామాణిక విలువకూ దానికీ తేడా సుమారు 118 కిలోమీటర్లే!

అయినా ఆయన తృప్తిపడలేదు. 1880లో సెలవు పెట్టి ఐరోపా వెళ్లి, బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ ప్రయోగశాలలో చేరారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ధనసహాయంతో ఇంటర్‌ఫెరోమీటరు తయారు చేయించారు. బెర్లిన్ వీధుల్లో బండ్ల అదురుకు అది నిలకడగా ఉండకపోతే, 1881లో పోట్స్‌డామ్ తీసుకెళ్లి ప్రయోగం జరిపారు. వెలుగును మోసే ఈథర్ జాడ దొరకలేదు. 1887లో మోర్లీతో కలిసి మరింత జాగ్రత్తగా చేసినా అదే ఫలితం. ఓటమిలా కనిపించిన ఆ ఫలితమే భౌతికశాస్త్రాన్ని కొత్త దారి పట్టించింది.

1892-93లో పారిస్ దగ్గర మీటరు పొడవును కాడ్మియం ఎర్ర వెలుగు తరంగాలతో కొలిచారు. 1907లో నోబెల్ బహుమతి అందుకున్నారు. విజ్ఞానశాస్త్రాల్లో ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ ఆయనే. 1931లో కన్నుమూసేనాటికి కూడా వెలుగు వేగం కొలిచే పనిలోనే ఉన్నారు. చదివి సంపాదించిన డాక్టరేటు మాత్రం ఆయనకు లేదు!

ఐరోపాలో గడిపిన ఆ రెండేళ్లే ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. డాక్టరేటు అయ్యాక ఒక పెద్ద ప్రయోగశాలలో కొంతకాలం పరిశోధన చేసే అలాంటి అవకాశాన్నే ఇప్పుడు పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ అంటున్నారు. మన దేశంలో కొలతల ప్రమాణాలను కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. పట్టా చేతికి రాగానే చదువు అయిపోయిందని మన పిల్లలు అనుకోరాదు. ఇంకో రెండేళ్లు ఓపిక పట్టమని పెద్దలు కూడా వారికి ధైర్యం చెప్పాలి.