కెప్టెన్ జాషువా స్లోకం

తెరచాప పడవలో ఒంటరిగా భూమండలమును చుట్టివచ్చిన మొట్టమొదటి మానవుడు కెప్టెన్ జాషువా స్లోకం. ఆ మహాయాత్రకు ఆయన ఎక్కిన పడవ క్రొత్తది కాదు, విలువైనదియు కాదు. సముద్రమునకు దూరముగా, ఒక పొలములో, ఏడేండ్లపాటు ఊతకర్రలపై నిలిచియున్న ముసలి పడవ అది. చూచినవారందరు అది వంటచెరకునకు తప్ప మరి దేనికిని పనికిరాదని తలచిరి. స్లోకం మాత్రము దానియందు ఒక గృహమును, ఒక వాహనమును చూడగలిగెను. అట్టి చూపు ఆయనకు ఒక్కనాటిలో అబ్బినది కాదు.

స్లోకం 1844వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన, కెనడా దేశపు తూర్పు తీరమునందలి నోవా స్కోషియాలో జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి కుటుంబమును పోషించుచుండెను. బాలుడును ఆ పనికే కూర్చుండవలసివచ్చెను. కాని అతని మనసు తోలుపై నిలువక అలలమీదికి పోవుచుండెడిది. పదునాలుగవ యేట ఇల్లు విడిచి, చేపలు పట్టు ఓడలో వంటవాడుగా చేరెను. ఆ వంట నావికులకు రుచింపక, ఆ కొలువు ఎన్నో దినములు నిలువలేదు. పదునారవ యేట తల్లి మరణించిన పిమ్మట సముద్రమునే శాశ్వతముగా ఆశ్రయించెను. క్రింది మెట్టునుండి ఒక్కొక్క పనియు నేర్చుకొనుచు, ఇరువదియైదేండ్ల ప్రాయమునకే ఓడకు అధిపతియయ్యెను.

1871లో ఆస్ట్రేలియాయందలి సిడ్నీ నగరమున ఆయన వర్జీనియా వాకర్ అను యువతిని వివాహమాడెను. ఆ సాధ్వి భర్తతో పాటు పదుమూడేండ్లు ఓడలపైననే కాపురము చేసెను. వారి బిడ్డలు ఏడుగురును సముద్రము మీదనో, పరదేశపు రేవులలోనో పుట్టినవారే. వారిలో ముగ్గురు పసితనముననే గతించిరి. భార్యాబిడ్డలకు ఓడయే ఇల్లు, ఓడయే బడి. అందుచేత స్లోకం ఓడను వర్తకుని కంటితోనే గాక గృహస్థుని కంటితో కూడ చూడనేర్చెను. ఎంత సరకు పట్టును అనుటతో పాటు, గాలివానలో బిడ్డలు నిద్రింపగలరా అనునదియు ఆయనకు ముఖ్యమే.

ఫిలిప్పైన్ దీవులలో ఒకరికి ఆవిరి ఓడయొక్క కొయ్య దేహమును నిర్మించి యిచ్చినపుడు, కూలికి బదులుగా ఆయనకు పాటో అను చిన్న ఓడ లభించెను. దానికి పైతట్టు కూడ లేదు. దానిని తానే పూర్తిచేసికొని, భార్యాబిడ్డలతో ఉత్తర పసిఫిక్ సముద్రమున చేపల వేటకు పోయి మంచి లాభము గడించెను. అసంపూర్ణమైన వస్తువును కొరతగా గాక అవకాశముగా తలచుట ఆయనకు అప్పటినుండియే అలవడెను.

1884లో, అక్విడ్నెక్ అను ఓడ అర్జెంటైనా దేశపు బ్యూనస్ ఎయిరిస్ వద్ద లంగరు వేసియుండగా వర్జీనియా కన్నుమూసెను. ఆ దుఃఖము స్లోకమును జీవితాంతము విడువలేదు. రెండేండ్ల పిదప ఆయన హెట్టీ ఎలియట్ అను బంధువుల కన్యను వివాహమాడెను. క్రొత్త దంపతుల ప్రయాణము కష్టములలోనే సాగెను. 1887 డిసెంబరులో అక్విడ్నెక్ బ్రెజిల్ తీరమున ఇసుకమేటను తాకి బద్దలయ్యెను. ఆ ఓడకు బీమా లేదు. చేతి సొమ్మంతయు దానితోనే పోయెను.

అంతటితో ఆయన కుంగిపోలేదు. పగిలిన ఓడనుండి పనికివచ్చు సామగ్రిని ఏరి, చెంతనున్న అడవిలోని కలపను కోసి, ముప్పదియైదు అడుగుల పడవ నొకదానిని నిర్మించెను. దుస్తులు కుట్టుటలో నేర్పరియైన హెట్టీ దానికి తెరచాపలు కుట్టెను. పడవ నీటిలో దిగిన 1888 మే 13వ తేదీననే బ్రెజిల్‌లో బానిసత్వము రద్దయ్యెను. కావున స్వాతంత్ర్యమను అర్థము గల లిబర్డాడె అను పేరు దానికి పెట్టిరి. భార్యతోడను, ఇద్దరు కొడుకులతోడను స్లోకం అందులో సుమారు 5,500 మైళ్లు పయనించి అమెరికా తీరమును చేరెను. అటుపిమ్మట తీరము వెంబడి మెల్లగా సాగి, ఆ సంవత్సరాంతమునకు వాషింగ్టన్ నగరమును ముట్టిరి. కాని హెట్టీ మనసు సముద్రముపై విరిగిపోయెను. ఆమె మరల భర్తతో దూరయాత్రకు పోలేదు.

ఆనాటికి కాలము మారుచుండెను. ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడలను త్రోసివేయుచుండెను. ఎంతో అనుభవము గల స్లోకమునకు ఓడ నిచ్చువారే కరవైరి. 1892లో ఎబెన్ పియర్స్ అను వృద్ధ నావికుడు, కొంచెము మరమ్మతు చేయవలసిన ఓడ యొకటి యున్నదనియు, దానిని ఉచితముగా నిచ్చెదననియు చెప్పెను. స్లోకం మాసచూసెట్స్ రాష్ట్రమునందలి ఫెయిర్‌హేవెన్ గ్రామమునకు పోయి చూచెను. పొలములో గుడ్డ కప్పుకొనియున్న స్ప్రే అను పాత పడవ కనబడెను. ఒకప్పుడు అది ముత్యపుచిప్పల జాతి జీవులను పట్టుటకు ఉపయోగింపబడినది. పియర్స్ పరిహాసమునకే అట్లు చెప్పెనని స్లోకమునకు తెలియకపోలేదు. అయినను ఆయన వెనుదిరుగలేదు.

కొయ్యలు కుళ్లిపోయినవి, నిజమే. కాని ఆకృతి మంచిది. కుళ్లిన కొయ్యను మార్చవచ్చును; చెడ్డ ఆకృతిని మార్చ వీలులేదు. ఈ వివేకమే ఆయనను నడిపించెను. సమీపమున పచ్చిక బీడులో పెరిగిన ఓక్ చెట్టును నరికి వెన్నెముక వంటి అడుగు దూలమును చెక్కెను. వంపు కర్రలను ఆవిరిలో మెత్తపరచి వంచెను. అంగుళమున్నర మందము గల దేవదారు జాతి పలకలను బిగించెను. సందులయందు నార కూరెను. నడుమ నడుమ ఇతరుల ఓడలకు పనిచేసి ఖర్చులకు సంపాదించుకొనెను. పదుమూడు నెలలలో పని ముగిసెను. సామగ్రికి అయిన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు మాత్రమే. పాత పడవలో మిగిలినది దాని రూపమును, పేరును మాత్రమే యని చెప్పవచ్చును.

స్ప్రే పొడవు 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు. పొడవుతో పోల్చగా వెడల్పు ఎక్కువగుటచే అది గాలికి ఎక్కువగా ఒరుగదు. ముందు భాగమున ఒక చిన్న వంటగది. వెనుక పది అడుగులకు పన్నెండు అడుగుల నివాసపు గది. అందులో తల వంపక నిలుచుండవచ్చును. పడకయు, పుస్తకముల అరలును గలవు. తెరచాపలను సరిగా అమర్చి చుక్కానిని కట్టివేసినచో పడవ తానే దారి తప్పక పోవుచుండెడిది. ఇన్ని సుగుణములున్నను దోషము లేకపోలేదు. బరువంతయు లోపలనే యుండుటచే, మితిమీరి ఒరిగినచో అది తిరిగి లేచుట కష్టమని నిపుణులు చెప్పుదురు. దాని శక్తినే గాక హద్దును కూడ స్లోకం ఎరుగును.

1895 ఏప్రిల్ 24వ తేదీన బోస్టన్ రేవునుండి ఆయన ఒంటరిగా బయలుదేరెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియొకటి. ఈత రాదు. కాలము తెలియుటకు ఒక డాలరునకు కొన్న రేకు గడియారమే ఆధారము. దక్షిణ అమెరికా కొనయందలి మెగెల్లాన్ జలసంధిలో తుపానులతో పోరాడెను. శత్రువులు రాత్రివేళ ఎక్కకుండ పడవపై మేకులు చల్లి నిద్రించెను. హిందూ మహాసముద్రమున 2,700 మైళ్ల దూరమును 23 దినములలో దాటినపుడు, ఆయన చుక్కాని పట్టినది మొత్తము మూడు గంటలకు మించలేదు. మూడేండ్లకు పైగా సుమారు 46,000 మైళ్లు తిరిగి, 1898 జూన్ 27వ తేదీన న్యూపోర్ట్ చేరెను. ఆ యాత్రను గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1900లో వెలువడి లోకప్రసిద్ధి గాంచెను.

తరువాత ఆయన మార్తాస్ వినియర్డ్ దీవిలో ఇల్లును పొలమును కొనెను. హెట్టీ నేలను విడువలేదు. ఆయన పడవను విడువలేదు. శీతకాలమున స్ప్రేలో వెస్టిండీస్ దీవులకు పోయివచ్చుచుండెను. ఏండ్లు గడచినకొలది యజమానియు పడవయు వార్ధక్యము పాలైరి. ఒకప్పుడు ప్రతి పలకను తడిమి చూచిన ఆయన, తుదిదినములలో దాని పోషణను నిర్లక్ష్యము చేసెనని చూచినవారు చెప్పిరి. 1909 నవంబరులో దక్షిణదిశగా పయనమైన స్లోకం మరల కానరాలేదు. 1924లో న్యాయస్థానము ఆయన మరణించినట్లు ప్రకటించెను. ప్రమాదమెట్లు సంభవించెనో ఎవ్వరికిని తెలియదు.

పాతదని దేనిని త్రోసివేయరాదు. పరీక్షింపక దేనిని నమ్మరాదు. బాగుచేసిన దానిని దినదినము కాపాడుకొనవలెను. ఈ మూడు నీతులును స్లోకము జీవితమున మనకు కనబడుచున్నవి. పొలమున పడియున్న పడవకు ప్రాణము పోసి, లోకము వలదన్న తన జీవితమునకు సార్థకత చేకూర్చుకొనిన ధీరుడాయన.