నట్టుకూ బోల్టుకూ పొత్తు కుదిర్చిన మాడ్‌స్లే

బోల్టుకు తగిన నట్టును నేడు ఏ దుకాణంలోనైనా కొనవచ్చు. రెండు శతాబ్దాల క్రితం ఆ రెంటినీ జతగానే చేసేవారు. ఒకటి పోతే రెండవది వ్యర్థమే. ఈ చిక్కును విప్పినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ మాడ్‌స్లే.

ఆయన 1771లో ఇంగ్లండులోని వూలిచ్‌లో జన్మించాడు. పన్నెండవ ఏటనే అక్కడి ఆయుధశాలలో తూటాలకు మందు కూరే పనిలో చేరాడు. మనసు మాత్రం కొలిమి మీదనే. పద్దెనిమిదవ ఏట, తాళాల నిర్మాత జోసెఫ్ బ్రామా ఆయనను పనిలోకి తీసుకున్నాడు. ఆ ప్రసిద్ధ తాళం ఊహ బ్రామాది. దానిని తయారుచేసే యంత్రాలు మాడ్‌స్లేవి. అయినా 1797లో, వారానికి ముప్పై షిల్లింగులతో సంసారం గడవక జీతం పెంచమని కోరితే బ్రామా నిరాకరించాడు. అంతటి పనివాణ్ణి అలా వదులుకున్నాడు!

మాడ్‌స్లే లండనులో చిన్న పనిశాల పెట్టుకున్నాడు. అప్పటివరకు లేతుపై ఉలిని చేతితో పట్టి లోహాన్ని చెక్కేవారు; చేయి వణికితే పని చెడేది. ఉలిని ఇనుప జారుడు దిమ్మెకు బిగించే ఆలోచన అంతకుముందే ఉన్నా, దానికి మరచుట్ల కడ్డీనీ పళ్లచక్రాలనూ జతపరచి, ఒకే కొలత మరచుట్లను ఎన్నైనా కోయగల దృఢమైన లేతును 1800 ప్రాంతంలో ఆయన రూపొందించాడు. అంగుళంలో పదివేలవ వంతును కొలిచే సాధనాన్నీ చేసుకున్నాడు.

1831లో ఆయన మరణించాడు. ఆయన పనిశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, 1841లో బ్రిటనుకంతటికీ ఒకే మరచుట్ల కొలతను ప్రతిపాదించాడు.