డాక్టరు లుడ్విగ్ గట్మన్

ఆటలు దేహపుష్టి గలవారికి మాత్రమే చెందినవని లోకము చిరకాలము తలచుచు వచ్చెను. నడువజాలని బాలుడు మైదానపు అంచున కూర్చుండి తోటివారి ఆటను చూడవలసినదే కాని, తానును ఆడవలెనని కోరుట అత్యాశగా ఎంచబడుచుండెను. ఈ తలంపును తలక్రిందులు చేసినవారిలో డాక్టరు లుడ్విగ్ గట్మన్ అగ్రగణ్యుడు. ఆట రోగికి ఔషధము వంటిదనియు, ఆటగానికి తగినట్లు ఆటను మార్చుకొనవలెనే గాని ఆటగానిని వెలివేయరాదనియు ఆయన తన జీవితమున నిరూపించెను.

గట్మన్ 1899వ సంవత్సరము జూలై 3వ తేదీన, జర్మనీ దేశమునందలి ఎగువ సైలీషియాలో టోస్ట్ అను చిన్న పట్టణమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. ఆ పట్టణము నేడు పోలండు దేశములో ఉన్నది. ఆయన బాల్యము బొగ్గుగనుల ప్రాంతమున గడచెను. 1917లో ఆయన గనికార్మికుల ఆసుపత్రిలో స్వచ్ఛందసేవకుడుగా పనిచేయుచుండగా, వెన్నెముక విరిగిన యువకుని ఒకనిని అచ్చటికి తెచ్చిరి. ఆ యువకుడు దృఢకాయుడు. కాని అతని కాళ్లకు చలనము గాని స్పర్శ గాని లేకుండెను. గట్మన్ అతని స్థితిని కాగితముపై వ్రాయబోగా, ఆ శ్రమ అనవసరమనియు, రోగి కొలది వారములలో మరణించుననియు పెద్దలు చెప్పిరి. వారు చెప్పినట్లే అయిదు వారములకు అతడు కన్నుమూసెను. ఆ మరణము గట్మన్ మనస్సున చెరగని ముద్ర వేసెను.

వెన్నెముక లోపల వెన్నుపాము అను నరముల త్రాడు కలదు. మెదడు ఆజ్ఞలు దీని ద్వారానే అవయవములకు చేరును. వెన్నుపాము తెగినచో గాయమునకు దిగువ భాగము చచ్చుబడిపోవును. అయినను ఆ కాలమున ఇట్టి రోగులలో పెక్కురు గాయము వలన గాక, దాని వెంట వచ్చు ఉపద్రవముల వలననే మరణించుచుండిరి. కదలక పడియుండుటచే వీపునను తుంట్లపైనను పుండ్లు పడెడివి. మూత్రకోశము చీము పట్టెడిది. ఆ విషము రక్తములో కలిసి ప్రాణము తీసెడిది. ఇది తప్పనిదని వైద్యలోకము చేతులు ముడుచుకొని యుండెను.

గట్మన్ 1924లో వైద్యపట్టము పొంది, బ్రెస్లా నగరమున ఓట్‌ఫ్రిడ్ ఫోయెర్‌స్టర్ అను సుప్రసిద్ధ నరవైద్యుని వద్ద పనిచేసి కీర్తి గడించెను. కాని 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినంతనే యూదులకు కష్టకాలము దాపురించెను. గట్మన్ తన పదవిని కోల్పోయి, యూదుల ఆసుపత్రిలో చేరి, కొంతకాలమునకు దాని అధిపతి యయ్యెను. 1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ యందంతట యూదుల గృహములపైనను ఆలయములపైనను దాడులు జరిగెను. ఆ రాత్రి ఆశ్రయము కోరి వచ్చిన వారినెల్లరను ప్రశ్నింపక చేర్చుకొనవలసినదని గట్మన్ సిబ్బందిని ఆజ్ఞాపించెను. మరునాడు రహస్య పోలీసులు రాగా, ఆయన వారిని మంచము మంచము కడకు గొనిపోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాధి కలదని చెప్పెను. ఆ రాత్రి చేరిన 64 మందిలో 60 మంది ఆయన ధైర్యమువలన నిర్బంధము తప్పించుకొనిరి.

1939లో గట్మన్ భార్యతోను ఇద్దరు బిడ్డలతోను ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డు నగరమున నరముల గాయములను గూర్చి పరిశోధన సాగించెను. ఇంతలో ప్రపంచయుద్ధము ముమ్మరమయ్యెను. వెన్నెముక గాయపడిన సైనికుల కొరకు స్టోక్ మాండెవిల్ గ్రామమందలి ఆసుపత్రిలో ఒక ప్రత్యేక కేంద్రమును నెలకొల్పి నడుపవలసినదని బ్రిటిషు ప్రభుత్వము ఆయనను కోరెను. చికిత్సలో ఎవ్వరును అడ్డురారాదను నియమముతో ఆయన సమ్మతించెను. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఆ కేంద్రము ప్రారంభమయ్యెను.

గట్మన్ చేసిన తొలిపని అద్భుతమేమియు కాదు. పగలనక రేయనక రెండు గంటల కొకసారి ప్రతి రోగిని ప్రక్కకు ఒత్తిగిల్లజేయవలెనని ఆయన శాసించెను. ఒకే భాగముపై దేహభారము నిలువకుండినచో పుండు పడదు. మూత్రకోశము విషయమునను అట్టి శుభ్రతనే పాటింపజేసెను. క్రమశిక్షణలో ఆయన కఠినుడు. రోగులు మొదట విసుగుకొనిరి. కాని క్రమముగా పుండ్లు మానెను, జ్వరములు తగ్గెను, మరణింపవలసినవారు బ్రతికిరి.

అప్పుడు మరియొక సమస్య ఎదురయ్యెను. ఆ రోగులలో పెక్కురు పాతికేండ్లు నిండని యువకులు. నడువజాలని ఈ బ్రతుకువలన ప్రయోజనమేమని వారు క్రుంగిపోవుచుండిరి. దేహమును నిలిపిన మందు మనస్సును నిలుపజాలకపోయెను. ఆటలు ఆ కొరతను తీర్చగలవని గట్మన్ గ్రహించెను. చక్రముల కుర్చీలలో కూర్చుండి కర్రలతో ఆడు పోలో ఆటను మొదట ప్రవేశపెట్టెను. అది మోటుగా నుండుటచే పిదప దానిని విడిచి, బంతిని బుట్టలో వేయు ఆటను చేపట్టిరి. విలువిద్య ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రము. విల్లు లాగుట వలన భుజములును వీపును బలపడును. అంతియే గాక, కుర్చీలోని విలుకాడు నిలుచుండిన విలుకానితో సరిసమానముగా పోటీపడగలడు. ఆటలాడిన రోగులు త్వరగా కోలుకొని, ఉద్యోగములలో ప్రవేశించి, సంసారములు సాగించిరి.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. సరిగా ఆనాడే స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చికబయలున 16 మంది క్షతగాత్రులు విలువిద్యలో పోటీపడిరి. వారిలో ఇరువురు స్త్రీలు. లోకము దానిని అంతగా గమనింపలేదు. అయినను గట్మన్ ఏటేట ఆ పోటీలను జరిపించెను. 1952లో హాలండు దేశపు మాజీ సైనికులు వచ్చి పాల్గొనుటతో అవి అంతర్జాతీయ క్రీడలయ్యెను. 1960లో రోము నగరమున 23 దేశములనుండి సుమారు 400 మంది క్రీడాకారులు చక్రముల కుర్చీలలో పోటీపడిరి. దానినే నేడు మొదటి పారాలింపిక్ క్రీడోత్సవముగా లెక్కించుచున్నారు. పచ్చికబయలున నాటిన విత్తనము పండ్రెండేండ్లలో వృక్షమయ్యెను.

ఆ వృక్షచ్ఛాయ మనదేశమునకును ప్రసరించెను. 1965 యుద్ధమున తుపాకిగుండ్లు తగిలి గాయపడిన మురళీకాంత్ పేట్కర్ అను భారత సైనికుడు, 1972లో జర్మనీయందలి హైడెల్‌బర్గు క్రీడలలో 50 మీటర్ల ఈతపందెమున స్వర్ణపతకము గెలిచెను. ఈ క్రీడలలో భారతదేశమునకు లభించిన మొదటి స్వర్ణమదియే. మొదట వెన్నెముక గాయపడినవారికే పరిమితమైన ఈ క్రీడలలో 1976 నుండి అంధులకును, అవయవములు కోల్పోయినవారికిని చోటు కలిగెను. తరువాత బుద్ధిమాంద్యము గలవారును చేరిరి. 2024లో పారిస్ నగరమున జరిగిన క్రీడలలో వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవన్‌జీ దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యపతకము సాధించెను.

గట్మన్ సేవలకు మెచ్చి బ్రిటిషు ప్రభుత్వము 1966లో ఆయనకు సర్ బిరుదము నొసగెను. 1969లో స్టోక్ మాండెవిల్ యందు వికలాంగుల కొరకు ఒక క్రీడాప్రాంగణము వెలసెను. 1980 మార్చి 18వ తేదీన గట్మన్ పరమపదించెను. కాని ఆయన సూత్రము నేడు పాఠశాలల మైదానములకును చేరినది. చూపులేని బాలురు గలగల శబ్దము చేయు బంతితో క్రికెట్టు ఆడుచున్నారు. కుర్చీలోని బాలిక టెన్నిసు ఆడునప్పుడు బంతి రెండుమారులు నేలను తాకవచ్చును. చేతులు స్వాధీనములో లేని బాలుడు వాలుపలకపై నుండి బంతిని దొర్లించి బోచియా ఆట ఆడును. చిన్న మార్పు చేసినంతనే పెద్ద అవరోధము తొలగును. మనదేశమున 2016లో చేసిన చట్టము ప్రకారము, వికలాంగులగు బాలబాలికలకు ఇతరులతో సమానముగా ఆటపాటలకు అవకాశము కల్పించుట పాఠశాలల విధి.

గట్మన్ విరిగిన వెన్నెముకను అతికింపలేదు. అది ఆయన శక్యము కాదు. కాని లేనిదానిని తలచి దుఃఖించుట మాని, ఉన్నదానితో ఏమి చేయవచ్చునో వెదకు మార్గమును చూపెను. ఆటస్థలమున ఒకడు ఒంటరిగా ప్రక్కన కూర్చుండినచో, వానిని జాలితో చూచుటకన్న, వాడును ఆడగల విధము నాలోచించుటయే ఆ మహనీయునకు తగిన నివాళి.