నెత్తురు పట్టే మాత్ర వెనుక భీమవరం బిడ్డ

హత్నూర: మండలంలోని పల్లెల్లో గర్భిణులకు నర్సమ్మలు ఇచ్చే నెత్తురు పట్టే మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఆ మందును కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రవేత్తల బృందానికి నాయకత్వం వహించినది తెలుగువాడైన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ మూడోసారి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు.

ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొంది. ఈ జబ్బులో తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నెత్తురు క్షీణిస్తుంది. అప్పట్లో దీనికి సరైన మందు లేదు. ఆ మందు వెతకాలన్న పట్టుదలతో సుబ్బారావు అమెరికా చేరి హార్వర్డ్‌లో పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇవ్వగా నెత్తురు కోలుకుంది. సోదరులు పోయిన చాలా ఏళ్లకు గాని ఆ మందు చేతికి రాలేదు.

అయితే రక్తహీనతలన్నీ ఒకటి కావు. బి-12 విటమిన్ లోపించిన వారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే నెత్తురు మెరుగైనట్లు కనిపించినా నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు తిమ్మిరెక్కుతాయి. అందుకే రక్తపరీక్ష చేయించి, లోపమేదో తెలుసుకుని మందు వాడాలని వైద్యులు చెబుతారు.

రక్తక్యాన్సరులో మరో వింత ఎదురైంది. ఫోలిక్ యాసిడ్ తరహా మందు ఇచ్చిన పిల్లల్లో జబ్బు ముదురుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. దానికి విరుగుడుగా పనిచేసే అమైనోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 53 ఏళ్లు. 1919లో పెళ్లాడిన శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు. 1995లో శతజయంతికి తపాలా శాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది.