అమరేశ్వరుని చెంత వేంకటాద్రి

నూజెండ్ల మొదలైన పల్నాటి పల్లెలనుండి అమరావతికి పోవు భక్తులు అమరేశ్వరుని సేవించి వత్తురు. ఆ ఆలయమును పునరుద్ధరించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని దాతగా తలతురు. ఆయన పడిన వేదనను మరతురు.

వేంకటాద్రి నాయుడు కృష్ణాతీరమున చింతపల్లి రాజధానిగా ఏలిన జమీందారు. తన సీమలో దోపిడీలు సాగించుచున్నారని చెంచులపై ఆగ్రహించి, వారిని విందునకు పిలిపించి శిరచ్ఛేదము చేయించెనని పెద్దలు చెప్పుదురు. ఆ చోటు నరుకుళ్ళపాడట. నమ్మి వచ్చిన అతిథులను చంపుట దండనీతి కాదు, ద్రోహము. నాటినుండి విస్తరిముందు కూర్చుండగనే ఆయనకు అన్నము పురుగులై కనిపించెడిదట. కోటయు సేనయు ధనమును ఉండియు ఒక్క ముద్ద మ్రింగలేని దైన్యమది! తానెవ్వడో ఆయనకు ఆ విస్తరిముందే తెలిసియుండును.

అయినను ఆయన ఏలుబడి విడిచి అడవులకు పోలేదు. 18వ శతాబ్ది చివర చింతపల్లిని వీడి, అమరేశ్వరుని చెంతకు నివాసము మార్చి, అచ్చటినుండియే పాలించెను. స్వామి సన్నిధిని ఆయనకు మరల అన్నము సహించెనని చెప్పుకొందురు. నిత్యార్చనకు తొమ్మండుగురు అర్చకులను నియమించి, ఒక్కొక్కరికి 12 ఎకరముల భూమి నొసగెనని ప్రతీతి. క్రొత్త పట్టణమునకు రాళ్లకై దీపాలదిన్నెను త్రవ్వించగా ప్రాచీన బౌద్ధస్తూపము బయల్పడెను. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. ఒక దేవుని కొలువుకై తపించిన చేతులే మరియొక పుణ్యస్థలమును చెదరగొట్టుట విచారకరము.

1816లో కన్నుమూయువరకు ఆయన పేరు గుడులతోను దానములతోను ముడివడియుండెను. చెంచుల ప్రాణములు తిరిగి రాలేదు. అమరావతికి చేరువనే నరుకుళ్ళపాడు నేటికిని ఆ పేరుతోనే ఉన్నది.