లంక గ్రామం నుంచి లోక్‌సభ పీఠం వరకు..
గగనయానంలో ముగిసిన బాలయోగి జీవితం
మార్చి 3న వర్ధంతి

వినుకొండ: మహాకవి గుర్రం జాషువా జన్మించిన గడ్డ వినుకొండ. అణగారిన వర్గాల నుంచి స్వయంకృషితో ఎదిగిన మహనీయులను ఇక్కడ స్మరించుకునే వేళ గంటి మోహనచంద్ర బాలయోగి పేరు తలపునకు రాక మానదు. లోక్‌సభ స్పీకర్‌ పదవిని అలంకరించిన తొలి దళిత నేత ఆయన. 2002 మార్చి 3న హెలికాప్టర్‌ ప్రమాదంలో అసువులు బాశారు. ఆయన జీవితం ప్రజాప్రతినిధులకు ఆదర్శం కాగా, మరణం గగనయాన భద్రతకు సంబంధించి విస్మరించరాని హెచ్చరికగా నిలిచింది.

నిరుపేద కుటుంబం నుంచి..

బాలయోగి 1951 అక్టోబరు 1న తూర్పుగోదావరి జిల్లా కోనసీమలోని ఎదుర్లంకలో సాధారణ వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్రం అభ్యసించి కాకినాడలో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్‌ ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు. 1991లో అమలాపురం నుంచి తొలిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు. 1996లో ఓటమి ఎదురైనా కుంగిపోక, ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో తిరిగి లోక్‌సభకు ఎన్నికై, అదే ఏడాది మార్చి 24న 46 ఏళ్ల వయసులో స్పీకర్‌ పీఠాన్ని అధిష్ఠించారు.

ఒక్క ఓటు పరీక్ష

1999 ఏప్రిల్‌ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస పరీక్ష ఆయన నిష్పాక్షికతకు గీటురాయి అయింది. ఒడిశా ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టినా ఎంపీ పదవి వీడని గిరిధర్‌ గమాంగ్‌ ఓటు వేయవచ్చా అన్న వివాదం తలెత్తింది. నిర్ణయాన్ని ఆ సభ్యుడి అంతరాత్మకే బాలయోగి విడిచిపెట్టారు. తన పార్టీ మద్దతు పలికిన ప్రభుత్వమే 269-270 ఓట్ల తేడాతో పడిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో కొత్త సభ ఆయననే మళ్లీ ఏకగ్రీవంగా స్పీకర్‌గా ఎన్నుకుంది.

కొవ్వాడలంకలో విషాదం

2002 మార్చి 3 ఉదయం భీమవరం నుంచి ప్రైవేటు బెల్‌ 206 హెలికాప్టర్‌లో బాలయోగి బయలుదేరారు. కొద్దిసేపటికే దారి సరిగా కనిపించని పరిస్థితి ఏర్పడింది. అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద చేపల చెరువును పైలట్‌ నేలగా పొరబడి కిందికి దించారని, పైకి లేపే ప్రయత్నంలో కొబ్బరిచెట్టు తగిలి హెలికాప్టర్‌ కూలిందని అప్పట్లో వెల్లడైంది. బాలయోగితో పాటు పైలట్‌, అంగరక్షకుడు మృతిచెందారు. నిశ్చలమైన నీటిపై ఎత్తును అంచనా వేయడం అనుభవజ్ఞులకు సైతం కష్టసాధ్యం.

ముందస్తు తనిఖీలే రక్ష

బయలుదేరే ముందు ఇంధనం, వాతావరణం, యంత్రస్థితి మూడింటినీ పరీక్షించడం వైమానిక రంగంలో ప్రాథమిక నియమం. ఇంధనం గమ్యం చేరేందుకు మాత్రమే చాలితే సరిపోదు. వెనుదిరగడానికి, మరోచోట దిగడానికి, కొంతసేపు గాలిలో వేచి ఉండడానికి అదనపు నిల్వ ఉండాలి. 1983 జులై 23న ఎయిర్‌ కెనడా బోయింగ్‌ 767లో కిలోలకు బదులు పౌండ్ల లెక్కన ఇంధనం నింపడంతో ఇంజిన్లు గాలిలోనే ఆగిపోయాయి. గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో పైలట్లు చాకచక్యంగా దించడంతో ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. ఇంధనం నిండుగా ఉన్నా ముందున్న ఆకాశం అనుకూలించనప్పుడు ప్రయాణం మానుకోవడమే శ్రేయస్కరం.

నల్లమల నేర్పిన పాఠం

బాలయోగి మరణించిన ఏడేళ్లకు, 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌ ప్రతికూల వాతావరణంలో నల్లమలలో కూలింది. ఆయనతో సహా ఐదుగురు దుర్మరణం పాలయ్యారు. ఆచూకీ మరునాడు గానీ తెలియలేదు. నల్లమలను ఆనుకుని ఉన్న పల్నాడు ప్రజలు ఆ ఉత్కంఠను మరువలేరు. సభలు, సమావేశాల వేళలు ఎంత ముఖ్యమైనా, ఎగరడం తగదని పైలట్‌ చెప్పినప్పుడు ఆ మాటే చెల్లుబాటు కావాలి. నేతలు, నిర్వాహకులు పాటించాల్సిన కనీస క్రమశిక్షణ ఇదే.

యానాం-ఎదుర్లంక వారధికి, పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సభామందిరానికి, హైదరాబాద్‌ గచ్చిబౌలి క్రీడామైదానానికి బాలయోగి పేరు పెట్టారు. పట్టుమని 51 ఏళ్లు నిండకుండానే తెలుగునేల ఆ నేతను కోల్పోయింది.