గోడే పలకగా పాఠం చెప్పిన నందలాల్ బోస్

కోల్‌కతా అంచున పెరిగిన న్యూ టౌన్‌లో ఇప్పుడు రోడ్డు పక్క గోడలు బొమ్మలతో పలకరిస్తాయి. కుర్రకారుకు చిత్రకళ ఓనమాలు వీధి గోడ మీదే నేర్పవచ్చన్న ఆలోచన ఈ తరానికి కొత్తగా తోచవచ్చు. బెంగాల్‌కు మాత్రం అది పాతదే. దాదాపు వందేళ్ల కిందట గోడలనే తరగతి గదులుగా మార్చిన ఉపాధ్యాయుడు నందలాల్ బోస్.

ఆయన 1882 డిసెంబరు 3న బిహార్‌లోని ముంగేర్ ప్రాంతపు ఖరగ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణి ఇంట్లో ఆటబొమ్మలు చేసేది. పైచదువుకు కలకత్తా వచ్చిన నందలాల్‌కు కామర్స్ పుస్తకాల మీద మనసు నిలవలేదు. 1905లో ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో చేరి అవనీంద్రనాథ్ ఠాగూర్‌కు శిష్యుడయ్యారు. 1909-10లో అజంతా గుహల్లో చిత్రాలకు నకళ్లు తీసే బృందంలో పనిచేశారు. గోడంతా పరుచుకున్న బొమ్మలో రేఖ ఎలా నడుస్తుందో, ఖాళీ జాగా ఎలా మాట్లాడుతుందో ఆయనకు అక్కడ బోధపడింది.

రవీంద్రనాథ్ పిలుపుతో శాంతినికేతన్ చేరిన నందలాల్, 1922లో కళాభవన్ బాధ్యత తీసుకున్నారు. విద్యార్థులకు ఆయన మాస్టర్‌మశాయ్. ప్రకృతిని చూడటం, సంప్రదాయాన్ని తెలుసుకోవడం, సొంతంగా ఆలోచించడం ఆయన బోధనకు మూడు కాళ్లు. 1927లో జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే సంప్రదాయ కుడ్యచిత్రకారుణ్ని రప్పించి, విద్యార్థులతో కలిసి తానూ ఆ పనితనం నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో సున్నపు పూత తడి ఆరకముందే రంగు వేయాలి. తప్పు పోతే చెరపడానికి వీలుండదు. చేయి వణకని గీత, ముందే తేల్చుకున్న కూర్పు, నలుగురితో కలిసి పనిచేసే ఓర్పు కాగితం మీదకన్నా గోడ మీదే త్వరగా అబ్బుతాయి.

1930లలో కట్టిన మట్టి హాస్టల్ ‘కాలో బాడీ’ దీనికి మంచి ఉదాహరణ. దాని గోడల మీద విద్యార్థులు, అధ్యాపకులు మట్టితోనే ఉబ్బెత్తు శిల్పాలు మలిచి, వానకు కరగకుండా తారు పూశారు. మన మహాబలిపురం, భర్హుత్ శిల్పాలతో పాటు విదేశీ ప్రాచీన శిల్పాల నమూనాలూ ఆ గోడకెక్కాయి. కళాచరిత్ర పాఠం వేళ్ల కొసల్లోకి దిగింది.

1938లో గుజరాత్‌లోని హరిపురా కాంగ్రెస్ మహాసభకు గాంధీజీ కోరిక మీద ఆయన దాదాపు 400 చిత్రాల అలంకరణను నడిపించారు. 80కి పైగా ఆయన స్వయంగా వేసినవి. మిగతావి వాటిని చూసి శిష్యులు, సహచరులు వేసిన ప్రతులు. చెప్పులు కుట్టేవాడు, డప్పు వాయించేవాడు, దర్జీ, రైతు చవకైన రంగుల్లో, లావుపాటి గీతల్లో దారి పక్కన నిలిచారు. మ్యూజియం గడప తొక్కని పల్లె జనం వాటిని చూస్తూ నడిచారు. వీధి కళకు ఇంతకన్నా సూటి నిర్వచనం దొరకదు.

గురువు నీడలో శిష్యులు మరుగుజ్జులు కాలేదు. బినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతులను తన దారిలోనే చిత్రించారు. రామ్‌కింకర్ బైజ్ శిల్పకళలో వేరే తోవ వేశారు. మన కొండపల్లి శేషగిరిరావు కూడా ఆ ప్రాంగణంలో నందలాల్ వద్ద నేర్చుకుని హైదరాబాద్ వచ్చినవారే. భారత రాజ్యాంగం మూలప్రతి అలంకరణ సైతం నందలాల్ శిష్యులతో కలిసి చేసిన పనే. 1954లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన 1966 ఏప్రిల్ 16న కలకత్తాలో కన్నుమూశారు.

నగరాల్లో గోడలకు రంగులు వేయించడం నేడు సుందరీకరణ పద్దు కింద చేరిపోయింది. ఒప్పందం కుదురుతుంది, వారంలో బొమ్మ పూర్తవుతుంది, మరుసటి ఏడాది దాని మీద ఇంకొకటి వస్తుంది. ఆ గోడ ముందు ఏ పిల్లవాడి చేతికైనా కుంచె అందిందా అన్నది ఎవరూ లెక్కలో రాయరు. నందలాల్ బతుకంతా రాసుకున్న లెక్క అదొక్కటే. న్యూ టౌన్‌లోనైనా, మన హైదరాబాద్, విశాఖల్లోనైనా గోడ అందానికి ఆయన కొలత అదే.